సీలు వేసిన టమాటా

నేను ముప్ఫై ఏళ్ళు పాలలో నీళ్ళు వెతికాను. కారంలో ఇటుకపొడి, శనగపిండిలో తివడా అనే చవక పప్పు పిండి, నేతిలో డాల్డా వెతికాను. భిలాయిలో స్థానిక సంస్థ ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అంటే అదే పని. ఈ మధ్య ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇద్దరు స్మృతి నగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అంకుల్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్ల గురించి అడిగారు. నాకు వచ్చినవి రెండు. రెండూ పైవాడు రిటైరయితే వచ్చినవే. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు.

రాయవలసింది ఒక టమాటా గురించి. చదివేటప్పుడు నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. చివరిదాకా నవ్వగలిగితే మాత్రం మీరు ఈ డిపార్టుమెంటుకు సరిగ్గా సరిపోతారు.

ముందు ముక్కు

నాకు పని నేర్పినవాడు వర్మాజీ అనే సీనియర్ ఇన్‌స్పెక్టర్. కొట్లో అడుగుపెట్టగానే డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "పహలే నాక్, ఫిర్ కానూన్" అనేవాడు. ముందు ముక్కు, తరవాతే చట్టం అని. సెక్టర్ 4 బజారులో ఒక మిఠాయి కొట్టువాడు ఖోవా ఈ రోజుదేనని తల్లి మీద ఒట్టేశాడు. వర్మాజీ ఒకసారి వాసన చూసి, "మీ అమ్మను బతకనివ్వవయ్యా, ఇది మొన్నటిది" అన్నాడు. వాడు డబ్బా వెనక్కి లాక్కున్నాడు.

రెండో పాఠం ఫార్మలిన్. పాల శాంపిలు తీస్తే మూడు సీసాల్లో పోసి సీలు వేయాలి. ఒకటి రాష్ట్ర ప్రయోగశాలకు వెళుతుంది, రెండు మన బీరువాలో ఉంటాయి. ప్రయోగశాలకు చేరేలోగా పాలు విరిగిపోకుండా కొన్ని చుక్కల ఫార్మలిన్ వేస్తాం. కుళ్ళు ఆపే మందు అది. ఆసుపత్రుల్లో కోసి తీసిన అవయవాలను పెట్టేదీ దాంట్లోనే. చేరిన కొత్తలో ఒకసారి హడావిడిలో అది వేయడం మరిచిపోయాను. సీసా చేరేసరికి పాలు పెరుగై కూర్చున్నాయి. కేసు కొట్టేశారు. ఆ పాలవాడు బంతిపూల దండ వేసుకొచ్చి మా ఆఫీసు గేటు ముందే లడ్డూలు పంచాడు. నాకూ ఒకటి ఇచ్చాడు, ఏం చేస్తాను, తిన్నాను.

వర్మాజీ అందరి ముందూ నన్ను దులిపేశాడు. "గాడిదా! బుర్రకు కాదు, చేతికి నేర్పు. బుర్ర మరిచిపోతుంది" అన్నాడు. ఆ తిట్టు నాకు బాగా పట్టింది. ఆ రోజు నుంచి సీసా కనిపిస్తే చాలు, నా చెయ్యి దానంతట అదే ఫార్మలిన్ కోసం వెళ్ళేది. ముక్కు పాఠం మరిచిపోయి చేతి పాఠం ఒక్కటే గుర్తుంచుకున్నాను. అదే కొంప ముంచింది. నా కొంప కాదు, టమాటాలమ్మే పైడమ్మ కొంప.

చేప జీను

తొంభైల చివర సంగతి ఇది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం రాలేదు, మేం ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్నాం. పేపర్లలో రోజూ జీన్ల గోల. ఒకసారి వేస్తే మళ్ళీ మొలకెత్తని విత్తనాలు వస్తున్నాయట, దక్షిణాన రైతులు ప్రయోగం పేరుతో వేసిన పత్తి మొక్కలు పీకి తగలబెట్టారట. సగం నిజం, సగం పుకారు. ఏది ఏ సగమో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

మా స్థానిక సంస్థ సభలో ఒక పార్షద్ ఉండేవాడు. పార్షద్ అంటే వార్డు సభ్యుడు. అందరూ నేతాజీ అనేవారు. అసలు పేరు రాసేంత గౌరవం ఇవ్వడం నాకిష్టం లేదు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఒక రోజు నిండు సభలో లేచి పేపరు ముక్క ఒకటి ఊపుతూ అన్నాడు:

"టమాటర్ మే మఛ్లీ! విదేశాల వాళ్ళు టమాటాలో చేప జీను పెట్టేశారు. నవరాత్రి ఉపవాసాల్లో మన ఇళ్ళ ఆడవాళ్ళు చేప తింటున్నారన్న మాట! స్వాస్థ్య విభాగం నిద్రపోతోందా?"

బల్లలు దద్దరిల్లాయి. మా ఆరోగ్యాధికారి దూబే సాబ్ నా పక్కనే ఉన్నాడు. చదువుకు డాక్టరే గాని, రోగి నాడి పట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలీదు. నా చెవిలో, "ఈ జీన్ సంగతి నీకేమైనా తెలుసా?" అన్నాడు.

"తెలీదు సార్."

"నేను కాలేజీలో చదివాను, మరిచిపోయాను" అని, లేచి నిలబడి, "కఠిన చర్య తీసుకుంటాం" అని ప్రకటించాడు. దేని మీద చర్యో ఎవరూ అడగలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్తున్నాను. ప్రశ్న తప్పు కాదు. మన ఊరి సంతకు ఏ విత్తనపు కాయ వస్తోంది, అది ఎక్కడిది, దాన్ని ఎవరు పరీక్షించారు అని స్థానిక సంస్థ అడగాల్సిందే. రేపు విత్తనం మన చేతిలో ఉండదేమోనని రైతు భయపడితే అది నవ్వులాట కాదు. కాని అడిగే తీరు ఒకటుంటుంది. ఆ రోజుల్లోనే ఓడల్లో విదేశీ సోయా గింజలు వస్తున్నాయన్న మాట ఊరంతా ఉంది. అయినా బజారులోని సోయా నూనె డబ్బాల్లో ఉన్నది ఏ గింజ నూనె అని సభలో ఒక్కడు అడగలేదు. ఎలా అడుగుతారు? నూనె వ్యాపారులు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. టమాటాలు అమ్ముకునేవాళ్ళు ఆ హాల్లోకి రారు కదా.

అసలు చేప జీను పెట్టిన టమాటా మన దేశంలో ఎక్కడా అమ్మకానికే రాలేదు. వ్యవసాయ కాలేజీలో ఎవరికైనా ఫోన్ చేసుంటే ఐదు నిమిషాల్లో తెలిసేది. దూబే సాబ్ చేయలేదు, నేతాజీ చేయలేదు. నేనూ చేయలేదు.

ఎనిమిది రోజుల టమాటా

పైడమ్మది శ్రీకాకుళం జిల్లా. పెళ్ళయి భిలాయిలో క్యాంప్ 2 అనే బస్తీకి వచ్చింది. మొగుడు ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. నడుం దెబ్బతిని మంచం పట్టాక సంసారం ఆమె నెత్తిన పడింది. శివనాథ్ నది ఒడ్డున కొంచెం నేల అధియాకి, అంటే సగం పాలుకి తీసుకుని, దుర్గ్‌లో హైబ్రిడ్ విత్తనాల పొట్లాలు కొని టమాటా వేసింది. కూరగాయల బజారులో గేటు పక్కన మొదటి స్తంభం ఆమె జాగా. పదకొండేళ్ళుగా అక్కడే కూర్చునేది. ఆ జాగాయే ఆమె ఆస్తి. ఇంకేమీ లేదు.

ఆ హైబ్రిడ్ కాయ తోలు మందం. బస్సు మీద బుట్టల్లో తెచ్చినా నలగదు. అది ఆమెకు గొప్ప. బజారంతా వినపడేలా అరిచేది: "పత్థర్ జైసా టమాటర్! ఆఠ్ దిన్ రఖో, ఖరాబ్ నహీ హోతా!" రాయిలాంటి టమాటా, ఎనిమిది రోజులున్నా పాడవదు అని. ఆ కేక నేతాజీ భార్య చెవిన పడింది. ఆమె ఇంటికెళ్ళి చెప్పింది. పాడవని టమాటా! ఇంకేం, నేతాజీకి చేప దొరికేసింది.

మర్నాడు సీసాలు, లక్క, దారం సంచీలో వేసుకుని, ప్యూను సుఖ్‌రామ్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"ఏటి బాబూ, సైకిలు దిగి మరీ వొచ్చినారు! కిలో ఎయ్యమంటారా?" అంది పైడమ్మ. మాది విజయనగరం వైపని ఆమెకు తెలుసు. నాకెప్పుడూ రెండు కాయలు ఎక్కువే వేసేది.

"శాంపిలు కావాలి పైడమ్మా."

"శాంపిలేటి? పాలేటియ్యి, నీల్లు కలపడానికి? టమాటాల్లో నానేటి కలుపుతాను?"

"జీను ఉందేమోనని."

"అదేటది, పురుగా?"

"అలాంటిదే అనుకో."

"నా కాయలో పురుగు సూపించు బాబూ, బుట్టెడు కాయలూ నానే తినేత్తాను" అని నవ్వింది. పక్కన దుంపలు అమ్మే ఛత్తీస్‌గఢీ ఆమె కూడా నవ్వింది.

వెడల్పు మూతి సీసాలు మూడింటిలో రెండేసి కాయలు వేశాను. చట్టంలో టమాటాకు ఫార్మలిన్ అక్కర్లేదు. కాని చేతికి చట్టం తెలీదు కదా, అది నేర్చుకున్న పని అది చేసేసింది. మూడు సీసాల్లోనూ ఒక చెంచాడు పోశాను. మూత బిగించి, దారం చుట్టి, లక్క కరిగించి సీలు వేశాను. చీటీ మీద నా సంతకం, ఆమె వేలిముద్ర.

"ఏలిముద్ర ఏల బాబూ?"

"కాయ నీదేనని సాక్ష్యం."

"నా కాయ నాదని నానే సాచ్చివా? బాగుంది!" అంటూ వేలు ముందుకు చాపింది.

ఇరవై ఒక్క రోజులు

రాష్ట్ర ప్రయోగశాల జవాబు మూడు వారాలకు వచ్చింది. కాయ రంగు ఎరుపు, కృత్రిమ రంగు కలపలేదు, మీరడిగిన పరీక్షకు మా దగ్గర సౌకర్యం లేదు. ఫార్మలిన్ అన్ని శాంపిళ్ళలోనూ ఉండేదే అనుకున్నారో ఏమో, దాని ఊసే లేదు. అంతే. టమాటా ఎర్రగా ఉంటుందని తెలుసుకోవడానికి ప్రభుత్వానికి మూడు వారాలు పట్టిందన్న మాట.

సభలో దూబే సాబ్ ఆ జవాబు చదువుతుంటే నేతాజీ అడ్డుపడ్డాడు. "కాగితం కాదు, సీసా చూపించండి!" అన్నాడు. బీరువాలోంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాను.

కాయలు నిగనిగలాడుతున్నాయి, అప్పుడే కోసినట్టు.  నేతాజీ సీసాను రెండు చేతులతో పైకెత్తాడు. "ఇక్కీస్ దిన్! ఇరవై ఒక్క రోజులు! ఏ తల్లి కన్న టమాటా ఇలా ఉంటుంది?" సీసా చేతులు మారింది. ఒక లాయరు, ఇద్దరు మాస్టర్లు, ఒక మందుల కొట్టు యజమాని, అందరూ దాన్ని దీపానికి పట్టి చూశారు. ఒకాయన దండం కూడా పెట్టాడు, దేనికో మరి.

నా దగ్గరకు వచ్చినప్పుడు చూశాను. సీసా అడుగున చెంచాడు నీళ్ళలాంటిది మెరుస్తోంది. నా చెయ్యి చేసిన పని నాకప్పుడు గుర్తొచ్చింది.  "అయ్యా, అది మందు ప్రభావం" అని లేచి చెప్పాలి. చెప్తే, శాంపిలు తీయడం రాని ఇన్‌స్పెక్టర్ అని సస్పెండ్ చేస్తారు. దూబే సాబ్ నా వైపు చూసి, "బైఠో" అన్నాడు, కూర్చో అని. నేను అప్పటికి లేవనేలేదు, లేస్తానేమోనని అన్నాడు. కూర్చునే ఉన్నాను.

తీర్మానం చేతులెత్తి ఆమోదించారు. జీన్ ఉన్న టమాటాలు బజారులో అమ్మరాదు, ఉన్నవి నాశనం చేయాలి, అమ్మేవారి జాగా రద్దు. అమలు చేయవలసినవాడు ఫుడ్ ఇన్‌స్పెక్టర్.

నాశనం చేసే పద్ధతి మీకు తెలుసు. ఫినాయిలు పోయడమే. మర్నాడు పొద్దున్నే పైడమ్మ నాలుగు బుట్టల మీదా పోయించాను. సుఖ్‌రామ్ డబ్బా పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "కా కరహూ సాహెబ్, తహీ బతా," ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి అన్నాడు. పోయమన్నాను.

"ఓలమ్మో! తినే కాయ మీద ఫినాయిలు పోత్తారేటి!" పైడమ్మ బుట్టల మీదకు వంగిపోయింది. చీర కొంగు తడిసింది. "బాబూ, నువ్వైనా సెప్పవేటి? మనోడివి కదా!"

"ఆర్డరు పైడమ్మా" అన్నాను. ఈ మాట మీరు కూడా రేపు చాలాసార్లు అంటారు. అనే ముందు ఒకసారి అద్దంలో మొహం చూసుకోండి.

నది ఒడ్డున ఆమె పంటను ఎవరూ కొనలేదు. క్యాంప్ 2 పిల్లలు ఆమెను చూసి "జీన్ వాలీ అమ్మా" అని అరిచేవారు. ఎప్పటికీ పాడవదని మేం తీర్మానం చేసిన టమాటా మొక్కల మీదే కుళ్ళి, కారి, ఈగలు పట్టి పోయింది. చూడ్డానికి సభ్యులెవరూ వెళ్ళలేదు. పది రోజులాగి నేను ఫార్మలిన్ సంగతి నోట్ రాసి దూబే సాబ్‌కి ఇచ్చాను. చదివి సొరుగులో పెట్టాడు. "సీజన్ అయిపోతుంది, గొడవా అయిపోతుంది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు హాయి అనిపించింది. రాయవలసింది రాశాను కదా అనుకున్నాను. ఈ ఉద్యోగంలో పిరికివాడికి నోట్ ఫైలు తల్లి ఒడి లాంటిది.

చెల్లని సీసా

నా గురించి ఆఫీసులో ఒక గొప్ప కథ తిరుగుతోందట. సభలో సీలు తెంచిన సీసా బల్ల మీద పెట్టి, మూత తీసి అందరి నోరూ మూయించానట. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళు కూడా అదే చెప్పి మెచ్చుకున్నారు. జరిగింది చెప్తాను.

తరవాతి నెల సభలో మూత తీసిన సీసా బల్ల మీద పెట్టిన మాట నిజం. ఘాటు కొట్టింది. ముందు వరస అంతా రుమాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకుంది. "ఇది ఫార్మలిన్. అలవాటు మీద నేను పోశాను. దీంట్లో ఏ కాయ వేసినా కుళ్ళదు. తప్పు నాది, ఆమెది కాదు" అని చెప్పాను. 

నోరు మూయించానా? నేతాజీ ఒక్క క్షణం తెల్లబోయాడు, అంతే. వెంటనే లేచి, "సీల్ టూటా హై!" అన్నాడు. సీలు తెగిన శాంపిలు సాక్ష్యంగా చెల్లదట. లాయరు సభ్యుడు తల ఊపాడు. సీలున్న సీసాను చూసి చేసిన తీర్మానాన్ని సీలు లేని సీసాను చూసి రద్దు చేయడానికి నిబంధన లేదట. తరవాత అంశం వీధి దీపాలు. దాంట్లోకి వెళ్ళిపోయారు.

నాకు మెమో ఇచ్చారు. ఫార్మలిన్ పోసినందుకు కాదు, సీలు తెగినందుకు. ఆ తీర్మానం ఎవరూ రద్దు చేయగా నేను వినలేదు. చట్టం ప్రకారం మీరు ఈ రోజు కూడా బజారుకెళ్ళి టమాటా బుట్టల మీద ఫినాయిలు పోయవచ్చు.

మొదటి స్తంభం జాగా అప్పటికే ఇంకొకడికి ఇచ్చేశారు. వాడూ ఆ రాయి టమాటాలే అమ్మేవాడు, కాకపోతే అరిచేవాడు కాదు. నేతాజీ ఇంటికి అక్కడి నుంచే వెళ్ళేవి. పైడమ్మ ప్లాంటులో కాంట్రాక్టరు దగ్గర ఇటుకలు మోసే పనిలో చేరింది. మళ్ళీ బజారులో కూర్చోలేదు.

మూత తీసింది ఎవరు

ఆ సీలు తెంచింది నేను కాదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ సభకు రెండు రోజుల ముందు పైడమ్మ ఆఫీసుకు వచ్చింది. చంకలో ఖాళీ బుట్ట. దూబే సాబ్ పని మీద వేరే ఊరు వెళ్ళాడు. గదిలో నేనొక్కడినే.

"ఓ సీటీ రాసియ్యి బాబూ, నా కాయలు మంచియేనని. టమాటాలు అమ్మనులే, వొంకాయలు ఏసుకుంటాను. నా జాగా నాకిప్పించు, సాలు."

"నా చేతుల్లో లేదు పైడమ్మా."

"అయితే ఆ సీసా సూపించు. ఊరందరూ సూసినారంట. ఏలిముద్ర నాది, నాను మాత్రం సూడనేదు."

బీరువా తెరిచి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాయ నాదే. కాని ఇన్నాళ్ళు ఇలగుండదు. ఎనిమిది దినాలంటే ఎనిమిదే. పదో దినానికి మెత్తబడిపోద్ది. అమ్మినదాన్ని, నాకు తెలవదేటి?"

అంటూనే గోటితో లక్క పెకిలించేసింది. "ఆగు, సీలు!" అని నేను లేచేలోగా దారం తెగింది, మూత ఊడింది. గది నిండా ఘాటు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, ఆసుపత్రి కంపు! ఇది కాయ వోసన కాదు, మందు వోసన! అంతమంది పెద్దోలు సేతులు మార్సుకుని సూసినారంట, ఒక్కడైనా మూత తియ్యనేదేటి?"

"సీలు తీయకూడదు పైడమ్మా. రూలు."

ఆమె సీసా అడుగున మెరిసే మందు చూసి, నా వైపు తిరిగింది.

"నువ్వే పోసినావు."

"అలవాటు మీద పోశాను. బుద్ధిపూర్వకంగా కాదు."

"ఎప్పుడు తెలిసినాది నీకు?"

"మీటింగు రోజు."

"నా బుట్టల మీద ఫినాయిలు పోయించినావే, ఆ పొద్దుటికి తెలుసా?"

అబద్ధం ఆడవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. ఎందుకో ఆడలేకపోయాను.

"తెలుసు" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఏదీ చేయలేదు. మూత జాగ్రత్తగా సీసా మీద పెట్టి, బల్ల మీద నా వైపుకు జరిపింది.

"ఆల్లకి ముక్కు నేదు బాబూ. నీకు నోరు నేదు" అని, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళలో ఎందరో అధికారులు నా మీద రహస్య నివేదికలు రాశారు. ఇంత సరిగ్గా ఎవరూ రాయలేదు.